భాష రానిది ఎవరికి?

(స్మారక నిధి ఉపన్యాస పాఠం)



మాస్టారి గురించి ఈ ఊళ్లో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంగ్లీషు గ్రామరు ఆయన చెబితే ఎక్కినట్టు ఇంకెవరు చెప్పినా ఎక్కలేదని మీరే అంటారు. నేను తలుచుకోదలచింది ఆయన సాయంత్రపు కొలువును. తంతి వస్తే జనం ఆయన అరుగు దగ్గరికి పరిగెత్తేవారు. తంతి ఇంగ్లీషులో ఉండేది. అందులో ఏముందో తెలియకముందే ఏడుపులు మొదలయ్యేవి. ఆయన చదివి, పెళ్లి నిశ్చయమైందనో, కొడుక్కి బదిలీ అయిందనో చెబితే ఆ ముఖాలే నవ్వేవి. ఇంకో రకం తంతి వచ్చిన రోజున ముందు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టి, తర్వాత చదివేవారు. పగలు భాష నేర్పారు, సాయంత్రం భాష రానివాళ్లకు నోరయ్యారు. ఈ రెండూ ఒకే పని అనుకుంటాం. కావు. మొదటిది చేస్తున్నాం కదా అని రెండోది ఎగ్గొట్టడం ఇవాళ పెద్ద పెద్ద దేశాలకే అలవాటవుతోంది. ఆ సంగతే మాట్లాడదామని వచ్చాను.

ఉద్యోగ విరమణ తర్వాత చాలాకాలం అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, మా అబ్బాయి దగ్గర ఉన్నాను. అక్కడ శరణార్థులకు ఇంగ్లీషు నేర్పే ఒక క్లాసులో చేతనైన సాయం చేస్తూ వచ్చాను. అందుకని నా మాటల్లో అమెరికాయే ఎక్కువ దొర్లుతుంది. చదవలేని అరబ్బీ కాగితాల మీద సంతకాలు పెట్టి గల్ఫ్‌లో చిక్కుకున్న మనవాళ్ల కథ కూడా ఇదే కోవలోది. దానికి వేరే ఉపన్యాసం కావాలి, దాన్ని దగ్గరగా చూసినవాళ్లు చెప్పాలి.

అమెరికా కంటే ముందు మద్రాసు వెళ్దాం. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారిని కాశీయాత్ర చరిత్ర రాసిన మనిషిగానే తలుచుకుంటాం. ఆయన ఉద్యోగం మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. ఆయన కాలంలోనే ఒంగోలు ప్రాంతపు వెన్నెలకంటి సుబ్బారావు గారు 1815 నుంచి 1829 దాకా అదే మద్రాసులో సదర్ అదాలతుకు దుబాసీగా పనిచేశారు. తన జీవితకథను ఇంగ్లీషులో రాసుకున్నారు. ఆయన పోయిన ముప్ఫై నాలుగేళ్లకు, 1873లో, అది అచ్చయింది.

ఈ ఇద్దరికీ జీతమిచ్చింది కోర్టు. ఎందుకిచ్చింది? బోనులో నిలబడ్డ రైతుకు ఇంగ్లీషు రాదు కాబట్టి అని చప్పున అనేస్తాం. రైతు తన దేశంలో, తన భాషలోనే ఉన్నాడు కదా. తెలుగు రానిది దొరకు. ఈస్టిండియా కంపెనీవారు ప్రజల మీద ప్రేమ కొద్దీ ఈ కొలువులు పెట్టలేదు. సాక్షి ఏం చెప్పాడో తెలియకపోతే తీర్పు రాయడం కుదరదు, భూమి తగాదా తేలకపోతే శిస్తు రాదు. పని తమది, కాబట్టి ఖర్చూ తమదే అని లెక్క వేసుకున్నారు. కంపెనీ లెక్కల్లో నాకు నచ్చినవి చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

ఇద్దరి మధ్య మాట నడవకపోతే ఆ భాష లేనిది ఇద్దరికీను. అయితే ఆ లోటును ఎవరి ఖాతాలో రాయాలన్నది కలం పట్టుకున్నవాడు తేలుస్తాడు. ఇవాళ కొలంబస్‌లో ఒక డాక్టరు ముందు నేపాలీ తప్ప మరేదీ రాని ముసలమ్మ కూర్చుంటే, ఆమెకు ఇంగ్లీషు రాదని ఫైల్లో రాస్తారు. డాక్టరుకు నేపాలీ రాదని ఏ ఫైల్లోనూ ఉండదు. రోగి చెప్పింది అర్థం కాని డాక్టరు, సాక్షి చెప్పింది అర్థం కాని జడ్జి లాంటివాడే. అతని పని ఆగిపోయింది.

దీనికి ఎదురు వాదం ఉంది, అది బలమైనదే. దొర మన దేశానికి వచ్చాడు. ఈ ముసలమ్మ వాళ్ల దేశానికి వెళ్లింది. వెళ్లినవాళ్లు అక్కడి భాష నేర్చుకోవద్దా? నేర్చుకోవాలి. నేను చూసిన క్లాసులో నేర్చుకోనని మొరాయించినవాళ్లు ఒక్కరూ లేరు. వాదం అక్కడ తెగదు. నేర్చుకునే లోపల వచ్చే జ్వరం మాటేమిటి? కోర్టు సమన్ల మాటేమిటి? ఎంత నేర్పినా రానివాళ్ల మాటేమిటి?

నేర్పడం అమెరికాకు కొత్త కాదు. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్త్రీలు 1889లో షికాగోలో హల్ హౌస్ తెరిచారు. చుట్టూ ఇటలీ, గ్రీసు, రష్యాల నుంచి వచ్చిన కూలీ జనం. అక్కడ ఇంగ్లీషు క్లాసులు నడిచేవి. పిల్లలు నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాగానే అమ్మను చూసి సిగ్గుపడుతున్నారని గమనించి, 1900లో అక్కడే ఒక శ్రమ మ్యూజియం పెట్టారు. పాత దేశపు స్త్రీలు అందులో కూర్చుని నూలు వడికేవారు, నేసేవారు, పిల్లలు వచ్చి చూసేవారు. భాష నేర్పే చోట ఆ భాష రాని తల్లికి ఒక పీట వేశారన్నమాట.

ఫోర్డు దారి వేరు. 1914లో రోజుకు అయిదు డాలర్ల కూలి ప్రకటించిన హెన్రీ ఫోర్డు, ఆ ఏడాదే హైలాండ్ పార్కు కార్ఖానాలో ఇంగ్లీషు రాని కార్మికులకు స్కూలు పెట్టాడు. చదువు ముగిసిన రోజున ఒక ప్రదర్శన జరిగేది. వేదిక వెనక ఓడ బొమ్మ, మధ్యలో పెద్ద కాగు. కార్మికులు ఎవరి దేశపు బట్టల్లో వాళ్లు, మూటలు పట్టుకుని ఓడ దిగి కాగులోకి వెళ్లేవారు. పంతుళ్లు పొడుగాటి గరిటెలతో కలియబెట్టేవారు. అవతలి పక్క నుంచి అందరూ సూటు తొడుక్కుని, చిన్న చిన్న అమెరికా జెండాలు ఊపుతూ పైకి వచ్చేవారు. నాటకాల ఊళ్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఆ రంగాలంకరణకు మాత్రం మార్కులు వేస్తాను.

ఆస్ట్రేలియా రెండు పనులనూ విడివిడిగా చేసి చూపించిన దేశం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయిన యూరపు జనాన్ని తెచ్చుకుంటూ 1948 నుంచే ప్రభుత్వ ఖర్చుతో ఇంగ్లీషు చెప్పింది. శిబిరాల్లోనే కాదు, వచ్చే ఓడల మీద కూడా పాఠాలు జరిగాయి. ఆ పథకం ఇప్పటికీ నడుస్తోంది. చాలాకాలం మనిషికి 510 గంటలని పరిమితి ఉండేది, 2021లో ఎత్తేశారు. ఇలా పాతికేళ్లు నేర్పాక కూడా దుబాసీ అవసరం తీరలేదు. 1973లో సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఫోన్ చేస్తే దుబాసీ దొరికే అత్యవసర సేవ మొదలుపెట్టారు. 1977లో దుబాసీలకు పరీక్ష పెట్టి యోగ్యత నిర్ణయించే సంస్థ వచ్చింది. దాని పేరు నాటి. మన పిల్లలకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ సంస్థ పెట్టే సి.సి.ఎల్. అనే పరీక్ష తెలుగులో పాసైతే శాశ్వత నివాసానికి అయిదు పాయింట్లు కలుస్తాయి. మెల్‌బోర్న్‌లో తెలుగు మరిచిపోయిన కుర్రాడు ఆ అయిదు పాయింట్ల కోసం తెలుగు కోచింగుకు వెళ్తాడు. పాసైనవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత ఒక ముసలాయన పక్కన కూర్చుని మాట సాయం చేశారని మాత్రం అడక్కండి.

అమెరికాలో ఫోన్ దుబాసీ 1982లో వచ్చింది. శాన్‌హోసేలో ఒక పోలీసు ఉద్యోగి, వియత్నాం శరణార్థులతో మాట్లాడలేక పోలీసులు పడే అవస్థ చూసి, మరొకాయనతో కలిసి మొదలుపెట్టిన పని అది. తర్వాత పెద్ద వ్యాపారమైంది. గమనించండి, అక్కడ కూడా ముందు ఇబ్బంది పడింది పోలీసే.

ఇక క్లాసు సంగతి. మా క్లాసులో ఎక్కువమంది భూటాన్ నుంచి వచ్చిన నేపాలీలు. 1990ల మొదట్లో భూటాన్ తన దక్షిణ ప్రాంతం నుంచి వీళ్లను వెళ్లగొట్టింది. తూర్పు నేపాల్లో ఝాపా, మొరాంగ్ జిల్లాల్లో ఏడు శిబిరాల్లో, వెదురు గుడిసెల్లో ఇరవై ఏళ్ల దాకా గడిపారు. 2007 చివర నుంచి వాళ్లను వేరే దేశాలకు పంపడం మొదలైంది. అలా లక్ష మందికి పైగా వెళ్తే, అత్యధికులు అమెరికాకే వచ్చారు. కొలంబస్ వాళ్లకు పెద్ద స్థావరమైంది. పడుచువాళ్లు శిబిరం బళ్లలో కొంత ఇంగ్లీషు చదువుకున్నవాళ్లే. వచ్చిన కొద్ది నెలలకే గోదాముల్లో రాత్రి షిఫ్టులకు కుదిరారు. తెల్లవారి క్లాసుకు వచ్చి బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవారు. మేము లేపేవాళ్లం కాదు.

అసలు క్లాసు ముసలివాళ్లది. ఒక చర్చి నేలమాళిగలో జరిగేది. ఆడవాళ్లు చలికోటు మీద శాలువా, మగవాళ్లు ఢాకా టోపీ. వాళ్లలో కొందరు ఏ భాషలోనూ అక్షరం దిద్దినవాళ్లు కారు. అరవై ఏళ్లు కొడవలి పట్టిన చేతికి పెన్సిలు ఇస్తే, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కుతుంది. పుస్తకం ఏ వైపు నుంచి తెరవాలి, గీత ఎడమ నుంచి కుడికి పోవాలి అన్నది కూడా పాఠమే. మన చదువుల్లో దీన్ని ఐదేళ్ల పిల్లలకు నేర్పుతాం. డెబ్భై ఏళ్ల పెద్దమనిషికి నేర్పేటప్పుడు గొంతు ఎలా ఉండాలో మనకు ఏ ట్రైనింగు కాలేజీ చెప్పలేదు. 'బాజే', 'బొజూ' అంటూ, తాతయ్యా అమ్మమ్మా అన్నట్టు, వాళ్ల వరసలతో పిలవడం మొదలుపెట్టాక క్లాసు కాస్త తేలికపడింది.

అక్కడ గ్రామరుకు చోటు లేదు. భూతకాలం, భవిష్యత్ కాలం అన్నీ పక్కనపెట్టాం. ఏ కౌంటరు దగ్గరికి వెళ్లినా అడిగేవి నాలుగు: పేరు, చిరునామా, ఫోన్ నంబరు, పుట్టినతేదీ. ఆ నాలుగూ చెప్పగలిగితే సగం యుద్ధం అయిపోయినట్టే. పుట్టినతేదీ పాఠం రోజున ఒక తమాషా జరుగుతుంది. తేదీ తెలియనివాళ్లందరికీ కాగితాలు రాసిన అధికారులు జనవరి 1 వేసేశారు. ఒకరి తర్వాత ఒకరు లేచి అదే తేదీ చెబుతుంటే, పక్కవాణ్ణి చూసి కాపీ కొడుతున్నారని కొత్తగా వచ్చిన వలంటీరు అనుకుంది పాపం.

మా దగ్గర పాఠ్యపుస్తకం కంటే సంచీ ఎక్కువ పనికొచ్చింది. అందులో ఖాళీ మందు సీసాలు, బస్సు పాసు, కరెంటు బిల్లు, మనవడి బడి నుంచి వచ్చిన ఉత్తరం. సీసా మీద ఏ అంకె ఎన్ని మాత్రలో, ఏ అంకె ఎన్ని పూటలో వేలు పెట్టి చూపించమనేవాళ్లం. ఫోన్ పాఠం అన్నిటికంటే కష్టం. క్లినిక్‌కు ఫోన్ చేస్తే మనిషి పలకడు, ముందు మరగొంతు పలుకుతుంది. ఇందుకైతే ఒకటి నొక్కు, అందుకైతే రెండు నొక్కు. అదంతా ఇంగ్లీషే, గబగబా. దుబాసీ ఆ చిక్కుదారికి అవతల ఉన్నాడు. ఆయన దాకా చేరాలంటే ముందు ఇంగ్లీషు రావాలి! అందుకని నేపాలీ ఇంటర్‌ప్రెటర్ కావాలని ఇంగ్లీషులో చెప్పే ఒక్క వాక్యాన్ని ప్రతిరోజూ చివరి పది నిమిషాలు వల్లె వేయించేవాళ్లం. మేము నేర్పిన వాటిలో వాళ్లకు ఎక్కువ అక్కరకు వచ్చింది అదేనని నా నమ్మకం.

ఇంత కష్టం ఎందుకు, ఆ వయసులో హాయిగా కూర్చోవచ్చు కదా అని మన సంఘంలో ఒకాయన అన్నారు. కూర్చోనివ్వని లెక్క ఒకటి ఉంది, కాస్త ఓపిగ్గా వినండి. వృద్ధులకు, అంగవికలురకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే నెలసరి భత్యాన్ని ఎస్.ఎస్.ఐ. అంటారు. 1996లో సంక్షేమ చట్టాన్ని బిగించినప్పటి నుంచి శరణార్థులకు దానికో గడువు ఉంది. మొదట అయిదేళ్లన్నారు, మరుసటి ఏడు దాన్ని ఏడేళ్లు చేశారు. ఆ లోపు పౌరసత్వం రాకపోతే భత్యం ఆగుతుంది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలంటే అయిదేళ్లు నిండాలి. అంటే చేతిలో ఉండేది రెండేళ్లు. అందులోనే దరఖాస్తు, పరీక్ష, ప్రమాణం. పరీక్షలో ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి, చరిత్ర మీద, ప్రభుత్వం మీద అడిగినవాటికి ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. వంద ప్రశ్నల జాబితాలోంచి పది అడిగితే ఆరు చెప్పాలనేది చాలాకాలం నడిచిన పద్ధతి. 2025 అక్టోబరు నుంచి పెట్టే దరఖాస్తులకు జాబితా 128 అయింది, ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి.

ముసలివాళ్లకు మినహాయింపు లేదా? ఉంది. యాభై అయిదేళ్లు దాటి, శాశ్వత నివాసిగా పదిహేనేళ్లు ఉంటే ఇంగ్లీషు అక్కర్లేదు, తన భాషలో, దుబాసీతో పరీక్షకు కూర్చోవచ్చు. భత్యం పోయేది ఏడో ఏట, మినహాయింపు వచ్చేది పదిహేనో ఏట. మధ్యలో ఎనిమిదేళ్లు! అరవై ఎనిమిదేళ్లకు దేశంలో దిగినాయన డెబ్భై అయిదుకు భత్యం పోగొట్టుకుని, ఎనభై మూడు దాకా ఆగితే అప్పుడు ఆయన భాషలో అడుగుతారు. జబ్బు వల్ల నేర్చుకోలేకపోతున్నారని డాక్టరు రాసిస్తే మినహాయించే ఫారం ఒకటి ఉంది. వయసు మీదపడిందనో, చదువు రాదనో అంటే మాత్రం చాలదు. ఈ చట్టాలు రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. భత్యం చట్టం ఒక గదిలో రాశారు, పౌరసత్వం చట్టం ఇంకో గదిలో రాశారు. రెండూ కలిసేది ఆ చర్చి నేలమాళిగలో, ఢాకా టోపీ కింద.

ఆ వంద ప్రశ్నలనూ మా క్లాసు పాటగా కట్టుకుంది. ప్రశ్న ఒకరు అందుకుంటే జవాబు అందరూ. సెనేటర్లు ఎందరు, రాజ్యాంగం ఏం చేస్తుంది అన్నవి వాళ్ల నోట నేపాలీ బాణీలో వినాలి. అర్థం తెలిసి చెప్పారా అంటే, చిన్నప్పుడు నేను చెప్పిన ఎక్కాల పాటి తెలిసి చెప్పారు. కొందరు పాసయ్యారు. కొందరు ఎన్నిసార్లు వెళ్లినా వాక్యం రాసే దగ్గర ఆగిపోయారు.

ఇక దుబాసీ పని. ఆసుపత్రిలో ఒక మంచి దుబాసీ పనిచేస్తుంటే చూడటం ఒక విద్య చూడటమే. రోగికి కాస్త వెనగ్గా, పక్కన కూర్చుంటుంది. డాక్టరు రోగినే చూసి మాట్లాడాలి కాబట్టి తను కనపడకుండా సర్దుకుంటుంది. రోగి 'నాకు గుండెలో పట్టేసినట్టుంది' అంటే, 'ఈమెకు పట్టేసినట్టుందట' అనదు, 'నాకు పట్టేసినట్టుంది' అనే అంటుంది. చేతిలో చిన్న పుస్తకం, అందులో అంకెలు, మందుల పేర్లు గీస్తుంది, బయటికి వెళ్లేముందు ఆ కాగితం చింపేస్తుంది. సొంత సలహా చెప్పకూడదు. డాక్టరు కటువుగా అంటే మెత్తగా చేయకూడదు. రోగి తిట్టినా తిట్టినట్టే చెప్పాలి. గది దాటాక నోరు కుట్టేసుకోవాలి. ఈ చివరిది మాత్రం చిన్న సమాజంలో చాలా కష్టం. ఆదివారం గుళ్లో అదే మనిషి ఎదురవుతుంది. నా రోగం ఈమెకు తెలుసు అన్న బెరుకు కళ్లలో కనిపిస్తుంది. అందుకే కొందరు ముఖం కనపడని ఫోన్ దుబాసీనే కోరుకుంటారు.

నన్ను చూసి, నువ్వూ ఆ వైపువాడివే కదా, కాస్త చెప్పిపెట్టు అని ఒక క్లినిక్‌లో అడిగారు. నాకు హిందీ వచ్చు, వాళ్లకు హిందీ సినిమాలు వచ్చు. కూరగాయల బేరానికి అది చాలు. ఛాతీ నొప్పికి చాలదు. కుదరదని చెప్పి, ఫోన్ దుబాసీని పిలిపించమన్నాను. రిసెప్షన్‌లో ఉన్నావిడ నొచ్చుకున్నట్టుంది.

శిక్షణ లేని మనిషి చేత చెప్పిస్తే ఏమవుతుందో గ్లెన్ ఫ్లోరెస్ అనే పిల్లల డాక్టరు బృందం కొలిచింది. 2003లో అచ్చయిన అధ్యయనం. స్పానిష్ మాట్లాడే కుటుంబాల పదమూడు సందర్శనలను రికార్డు చేసి వింటే, దుభాష్యంలో 396 తప్పులు దొరికాయి. సగటున సందర్శనకు 31. వాటిలో 63 శాతం వైద్యానికి చేటు తేగలవి. అన్నిటికంటే ఎక్కువ జరిగిన తప్పు, అన్న మాటను వదిలేయడం. అప్పటికప్పుడు దొరికినవాళ్లు చేసిన తప్పుల్లో ప్రమాదకరమైనవి 77 శాతం, ఆసుపత్రి దుబాసీలవి 53 శాతం. రెండో అంకె కూడా తక్కువేమీ కాదు, శిక్షణ ఎంత ఉన్నా తక్కువే అని నేను చదువుకున్నాను. అక్కడ దుభాష్యం చెప్పినవాళ్లలో ఒకరికి పదకొండేళ్లే.

మెర్సెడ్ కథ మీలో కొందరు చదివే ఉంటారు. ఆన్ ఫాడిమన్ 1997లో దాన్ని 'ది స్పిరిట్ క్యాచెస్ యు అండ్ యు ఫాల్ డౌన్' అనే పుస్తకంగా తెచ్చింది. లావోస్ నుంచి కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌కు వచ్చిన ఒక హ్మాంగ్ కుటుంబంలో 1982లో ఒక పాప పుట్టింది. మూడు నెలలకు మూర్ఛ వచ్చింది. తీసుకెళ్లిన మొదటి రెండుసార్లూ, ఆసుపత్రికి చేరేసరికి మూర్ఛ ఆగిపోయింది, ఏం జరిగిందో చెప్పడానికి నోరు లేదు. ఛాతీలో నెమ్ము అనుకుని మందిచ్చి పంపేశారు. మూడోసారి మూర్ఛలో ఉండగానే తీసుకెళితే తప్ప రోగం తెలియలేదు. ఆ తర్వాత నాలుగేళ్లలో మందుల పద్ధతి ఇరవై మూడుసార్లు మార్చారు. తల్లిదండ్రులకు ఏ భాషా చదవడం రాదు. మందులు సరిగా వేయడం లేదని పిల్లను కొంతకాలం వేరేవాళ్ల ఇంట పెట్టారు. 1986లో వచ్చిన పెద్ద మూర్ఛతో ఆ పిల్ల మెదడు పోయింది. అలాగే అమ్మానాన్నల చేతుల్లో ఏళ్ల తరబడి బతికి 2012లో కన్నుమూసింది. ఆ డాక్టర్లు నిద్రాహారాలు మాని పనిచేసినవాళ్లు, ఆ తల్లిదండ్రులు పిల్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు. దుర్మార్గుడు ఒక్కడైనా ఉంటే చదివేవాడికి కాస్త తేలిగ్గా ఉండేది.

చట్టాల సంగతి త్వరగా ముగిస్తాను. 1964 పౌర హక్కుల చట్టం, ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంస్థలు జాతిని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపరాదంది. చైనీస్ పిల్లలకు ఇంగ్లీషు సాయం చేయకుండా మామూలు క్లాసులో కూర్చోబెట్టడం ఆ చట్టానికి విరుద్ధమని 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో బడుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దానికంటే నాలుగేళ్ల ముందు న్యూయార్క్ నుంచి వచ్చిన ఇంకో కేసు నాకు ఎక్కువ నచ్చింది. ప్యూర్టోరికో నుంచి వచ్చిన ఒక వ్యవసాయ కూలీ హత్య కేసులో బోనెక్కాడు. అతని స్పానిష్ కోర్టుకు అర్థం కావడానికి దుబాసీ ఉంది. అతని మీద ఇంగ్లీషులో సాక్షులు ఏం చెబుతున్నారో మాత్రం అతనికి చెప్పే ఏర్పాటు లేదు. విరామాల్లో క్లుప్తంగా చెప్పారంతే. ఇది న్యాయవిచారణ కాదని 1970లో అప్పీలు కోర్టు తేల్చింది. 1978లో ఫెడరల్ కోర్టు దుబాసీల చట్టం వచ్చింది. మద్రాసులో దుబాసీ ఉన్నది దొర వినడానికి. ముద్దాయి కూడా వినాలి అన్నది ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు వచ్చిన మాట.

2000లో క్లింటన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు సేవలు అందేలా ప్రతి ఫెడరల్ శాఖా ఏర్పాటు చేసుకోవాలని దాని సారాంశం. 2025 మార్చి 1న ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ ఆ ఉత్తర్వును రద్దు చేశాడు. 1964 చట్టం ఇంకా ఉంది, కోర్టుకు వెళ్లే దారి ఉంది. ఆ ప్రకటన వెనక ఉన్న వాదన, ఒకే భాష ఉంటే వచ్చినవాళ్లు నేర్చుకుంటారు, కలిసిపోతారు అని. అదే ఏడాది జనవరిలో శరణార్థుల రాకను ఆపేశారు, వాళ్లను ఆదుకునే సంస్థలకు వచ్చే డబ్బు కూడా ఆపారు. నేర్చుకొమ్మనే నోరూ, నేర్పే చోట్లకు వెళ్లే డబ్బు ఆపిన చెయ్యీ ఒక్కరివే.

మనకేమిటి ఇదంతా, మనవాళ్లు ఇంగ్లీషు వచ్చినవాళ్లే కదా అంటారేమో. ఇంజనీర్లకు వచ్చు. వాళ్ల అమ్మానాన్నలకు రాదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలో ఒక గుజరాతీ తాతయ్య, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చినాయన, కొడుకు ఇంటి దగ్గర నడుస్తున్నాడు. ఎవరో అనుమానమని పోలీసులకు ఫోన్ చేశారు. తనకు ఇంగ్లీషు రాదని చెప్పుకోబోయాడు. ఒక పోలీసు నేలకేసి కొట్టాడు, వెన్నెముక దెబ్బతిని అవయవాలు చచ్చుబడ్డాయి. విచారణలో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. మరుసటేడు జడ్జి ఆ పోలీసును విడిచిపెట్టాడు. కొలంబస్‌లో సాయంత్రం నడకకు వెళ్లే మన పెద్దవాళ్లలో ఆ కథ తెలియనివారు లేరు.

ఆసుపత్రిలో మన అలవాటు ఇంకా చిత్రం. దుబాసీ కావాలా అని నర్సు అడిగితే కొడుకు అక్కర్లేదంటాడు, నేనున్నాను కదా అని. ఆ తల్లికి ఉన్నది గర్భసంచి బాధ. కొడుకు ముందు చెప్పదు. 'ఏం లేదురా, కాస్త నీరసం' అంటుంది. అతను నీరసమని ఇంగ్లీషులో చెబుతాడు, రక్తపరీక్ష రాస్తారు, ఇంటికొస్తారు. అడిగితే ఆసుపత్రి ఖర్చుతోనే తెలుగు మాట్లాడే స్త్రీ ఫోన్‌లోకి వస్తుందని చాలామంది కొడుకులకు తెలియదు. తెలిసినవాళ్లు కొందరు అది తమకు తక్కువతనం అనుకుంటారు. మన బంధువుల ఇళ్లలో నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను: నాయనా, నువ్వు బయట కూర్చో.

ఇటు తిరిగి మన ఊళ్లనూ ఒకసారి చూడండి. పెద్దపల్లి ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల పిల్లకు జ్వరం వస్తే మన డాక్టరు ముందు ఎవరు మాట్లాడుతున్నారు? బట్టీ మేస్త్రీ. కూలి బాకీ ఉన్న మనిషి చేత, ఆ కూలి రావలసిన మనిషి బాధ చెప్పిస్తున్నాం. ఏజెన్సీ ఆసుపత్రుల్లో కోయ, సవర తల్లులు ఎలా మాట్లాడుతున్నారో ఇక్కడున్న డాక్టర్లకు నాకంటే బాగా తెలుసు.

నిధి కమిటీవారు ఉపన్యాసానికి ముందు నన్ను ఒక మాట అడిగారు, ఇక్కడ నుంచి చేయగలిగింది ఏమైనా ఉందా అని. ఉంది. వైద్య దుబాసీలకు మామూలుగా నలభై గంటల ప్రాథమిక శిక్షణ ఉంటుంది, ఇంగ్లీషులో. మెలకువలు అందులో వస్తాయి, తెలుగు రాదు. హైదరాబాదులో పెరిగిన అమ్మాయి ఫోన్‌లో దుబాసీగా కూర్చుంటే, అవతల శ్రీకాకుళం పెద్దాయనో, పాలమూరు అవ్వో, కడప తాతో తన నొప్పిని తన మాటల్లో చెబుతాడు. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ ఒక్కచోట లేవు. ఒంట్లో బాధలకు, కాన్పు కబుర్లకు, మందులకు, కోర్టు కాగితాలకు జిల్లా జిల్లాకు వాడే మాటలను పోగుచేసి, వాటి పక్కన తేలిక ఇంగ్లీషు వేసి ఒక పుస్తకం తేవాలి. నర్సులు, ఆశా కార్యకర్తలు, ప్లీడరు గుమాస్తాలు చెప్పాలి, పండితులు తర్వాత చూస్తారు. ఈ కాలేజీ విద్యార్థులు సెలవుల్లో ఊళ్లకు వెళ్లినప్పుడు అమ్మమ్మల దగ్గర కూర్చుని రాసుకొస్తే ఒక వేసవిలో సగం పని అవుతుంది. అచ్చు ఖర్చు సంగతి కమిటీ చూస్తుందన్నారు. కొలంబస్‌లో దుబాసీలుగా పనిచేసే ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లు చిత్తుప్రతి చదివి పెడతామన్నారు. పేర్లు ఇవ్వదలచినవాళ్లు బయట బల్ల దగ్గర ఇవ్వండి. ప్రశ్నలకు ఇంకా అరగంట ఉందని అధ్యక్షులు అంటున్నారు. అడగండి.